బాండికూట్ మన పందికొక్కే

మొన్నటి వానకి చెన్నై మాంబళంలో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోకి కాలువలోంచి ఒకటి ఎక్కి వచ్చింది. పిల్లి అంత ఉంది. వాచ్‌మన్ తమిళంలో 'పెరుచ్చాళి' అని కేక పెట్టాడు. మా అమ్మ 'పందికొక్కురా' అంది. మా వాడు 'బాండికూట్' అన్నాడు, వీడియో గేమ్ పుణ్యమా అని. నువ్వూ నాయనమ్మా అన్నది ఒకే మాటరా అంటే ఇద్దరూ నమ్మలేదు.

ఇంగ్లీషుకి ఈ మాట మన దగ్గర్నించే వెళ్ళింది. ఇంగ్లీషులో చేరిన మన దేశపు మాటలకి 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఇది తెలుగు మాటేనని, 'పంది ఎలుక' అని అర్థం చెప్పింది.

— పంది అన్ని దక్షిణాది భాషల్లోనూ ఉందిగదండీ, తమిళం ఎందుక్కాకూడదు?

మంచి ప్రశ్న. తమిళంలో పంది 'పన్ఱి', వాడుకలో 'పన్ని'. ఇక 'కొక్కు' అంటే వాళ్ళకి కొంగ! పందికొక్కు అని మా వాచ్‌మన్‌తో అంటే ఏ వింత పక్షో అనుకుంటాడు. కన్నడంలో అయితే హెగ్గణ. పందినీ కొక్కునీ ఇలా కలిపింది మనమే.

'ప' ఎందుకు 'బ' అయిందంటారా? ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో 'ప'ని గట్టిగా ఊపిరి వదిలి పలుకుతారు. ఊపిరి లేని మన 'ప' వాళ్ళ చెవికి 'బ'లా వినబడి ఉంటుందని నా లెక్క.

అసలు తమాషా ఆస్ట్రేలియాలో. అక్కడి పొడుగుమూతి జంతువుకి ఇదే పేరు తగిలించారు. అది ఎలుక జాతే కాదు, కంగారూలా సంచిలో పిల్లల్ని పెంచేది. మట్టి తవ్వుతుంది గనక సంచి నోరు వెనక్కి ఉంటుంది. పాపం దానికి మన తిట్టంతా చుట్టుకుంది. ఆస్ట్రేలియా ఇంగ్లీషులో బాండికూట్ క్రియ కూడా: పైన మొక్క కదలకుండా కింద బంగాళాదుంపలు తవ్వి ఎత్తుకుపోవడం.

— మాది నాయుడుపేట పక్క పల్లె సార్. మా నాయన ఓసారి వడ్ల బస్తా ఎత్తబోతే చేతికి తేలిగ్గా వచ్చేసింది. మూతి కుట్టు కుట్టినట్టే ఉంది. కింద బొరియ!