అప్‌డేట్: రొట్టెల పండుగ వాలంటీర్ డ్యూటీ, మేం ఉన్న ఇల్లు

పోయిన వారం అడిగా కదా, కాలేజీ నుంచి నెల్లూరు రొట్టెల పండుగకి వాలంటీర్లుగా వెళ్తున్నాం, ఉండేది ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో, నేను మాంసం తినను, వాళ్ళు నొచ్చుకోకుండా ఎలా చెప్పాలి అని. చాలామంది ముందే ఫోన్ చేసి చెప్పెయ్ అన్నారు, అదే చేశా. ఆ ఇంటి నానీ (అమ్మమ్మ) "దానికెందుకమ్మా అంత భయం" అని, మేం వెళ్ళేసరికి కొత్త గిన్నెలో పప్పుచారు, వంకాయ కూర విడిగా చేసి పెట్టింది, గరిటె కూడా వేరే, నాకైతే కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

డ్యూటీ మాత్రం గట్టిగానే పడింది. స్వర్ణాల చెరువు ఘాట్ దగ్గర జనాన్ని లైన్లో పంపడం, మంచినీళ్ళు, తప్పిపోయిన పిల్లల్ని మైక్ దగ్గరికి తీసుకెళ్ళడం. బారాషహీద్ దర్గాలో పన్నెండు మంది అమరుల సమాధులున్నాయి, పండుగ మొహర్రం నెలలో జరుగుతుంది, 2015లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు, ఇవన్నీ తెలుసు గానీ నీళ్ళల్లో నిలబడి చూస్తే వేరు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె, వీసా రొట్టె అని అరుస్తుంటారు, కోరిక తీరినోళ్ళు ఇస్తారు, అదే కోరిక ఉన్నోళ్ళు తీసుకుంటారు, బొట్టు పెట్టుకున్నామె బురఖాలో ఉన్నామె చేతిలో పెడుతుంటే ఎవరూ ఏ మతం అని అడగట్లేదు.

చివరి రోజు నానీ నన్ను లాక్కెళ్ళి ఉద్యోగ రొట్టె ఇప్పించింది. జాబ్ వస్తే వచ్చే ఏడాది రొట్టెలు మనమే చేసుకుని తీసుకెళ్ళాలి, అమ్మ కూడా వస్తానంటోంది, నానీ ఇంట్లోనే దిగుతాం.