పాత కారులో వచ్చిపోయే కరెంటు లోపం: వైరింగ్ మొత్తం మార్చాలా, లోపం దొరికేదాకా వెతకాలా?

కారు యజమాని, తిరుపతి:
మాది 1998 నాటి కార్బ్యురేటర్ పెట్రోలు కారు. ఊళ్లో ఎంత తిప్పినా ఏ ఇబ్బందీ ఉండదు. అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం, మలుపులో గేరు మార్చి యాక్సిలరేటర్ తొక్కగానే డాష్‌బోర్డు దీపాలు మసకబారి, ఇంజను ఆగిపోబోయినట్లు కుదుపులిచ్చి, క్షణంలో మళ్లీ మామూలైపోతుంది. ఒక షెడ్డులో బ్యాటరీ, మరో షెడ్డులో ఇగ్నిషన్ కాయిల్ మార్చారు. ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కు తిరిగొచ్చే దారి) కూడా చూశారు, దారి తెగలేదన్నట్లు మీటరు బీప్ అంది. ఇక వైరింగ్ మొత్తం మార్చడమే మార్గమంటున్నారు. పెద్దవాళ్లను కొండకు తీసుకెళ్లే బండి కాబట్టి భయంగా ఉంది.

ఆటో ఎలక్ట్రీషియన్, చిత్తూరు:
మార్చడమే మంచిదండి. ఇంజను వేడికి ఇన్నేళ్లలో వైరు పైతొడుగు పెళుసెక్కుతుంది, లోపల రాగి నల్లబడుతుంది, పైగా బండి చేతులు మారిన ప్రతిసారీ హారనుకనీ ఫాగ్ ల్యాంపుకనీ ఎవరో ఒకరు వైరు కోసి టేపు చుట్టి ఉంటారు. షెడ్డులో నిలబెట్టినప్పుడు కనబడని లోపం కోసం రోజులు ఖర్చు చేసి, చివరికి ఘాట్‌లో పొగ వస్తే బాధ్యత ఎవరిది?

పాత బండ్ల యజమాని, చంద్రగిరి:
మీ భయం న్యాయమైనదే, కానీ లోపం ఎక్కడుందో తెలియకుండా వైరింగ్ మార్చితే అది అక్కడే ఉండిపోవచ్చు. దీపాలూ ఇంజనూ ఒకేసారి తడబడుతున్నాయంటే, రెండూ పంచుకునే దారిని ముందు అనుమానించాలి: బ్యాటరీ టెర్మినళ్లు, ఇగ్నిషన్ స్విచ్చి, ఇంజనుకూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీ. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను తన మౌంటింగుల మీద వెనక్కి ఒరుగుతుంది. పట్టీ అప్పుడే లాగుకుంటుంది, షెడ్డులో లాగుకోదు.

బీప్‌ను నమ్మకండి. పది పోగుల్లో ఒక్కటి మిగిలినా మీటరు బీప్ అంటుంది. 0.02 ఓం అదనపు నిరోధాన్ని చేతి మీటరు పట్టుకోలేదు, కానీ 50 ఆంపియర్లు పారితే అదే 1 వోల్టును మింగేస్తుంది. అందుకే భారం మీద, అంటే ఎక్కువ కరెంటు పారుతుండగా కొలవాలి. ఇంజను స్టార్టు కాకుండా కాయిల్‌కు కరెంటు ఇచ్చే వైరు తీసి, మీటరు నల్ల కొనను బ్యాటరీ నెగటివ్ స్తంభం మీద (క్లాంపు మీద కాదు), ఎర్ర కొనను ఇంజను మీద గీకిన శుభ్రమైన లోహం మీద ఆనించి, సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టులకు మించితే ఆ దారిలో జబ్బుంది. క్లచ్ కేబుల్‌ను కూడా తడిమి చూడండి. ఎర్త్ తెగితే కరెంటు దాని గుండా దారి వెతుక్కుంటుంది, అది వేడెక్కుతుంది.

కారు యజమాని, తిరుపతి:
మీరు చెప్పినట్లే కొలిచాము. 1.1 వోల్టులు చూపించింది. గేరుబాక్సు దగ్గర బోల్టు వేసిన అల్లిక పట్టీని విప్పితే, లగ్గు (బోల్టు బిగించే లోహపు కొన) అంచున సగానికి పైగా పోగులు తెగి, కొనలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వదులుగా ఉంటే ఒకదానికొకటి తగులుతున్నాయి, వేలితో లాగితే విడిపోతున్నాయి. క్లచ్ కేబుల్ తొడుగు ఒకచోట కమిలింది, దాన్నీ మార్చాము. కొత్త పట్టీ వేశాక అదే కొలత 0.08 వోల్టులు. ఆ తర్వాత రెండుసార్లు కొండెక్కాము. దీపాలు ఒక్కసారీ మసకబారలేదు.

ఆటో ఎలక్ట్రీషియన్, చిత్తూరు:
సంతోషమండి. నేనూ ఎర్త్‌ను ఇంతకాలం బీప్‌తోనే చూసేవాణ్ని, ఇకమీదట సెల్ఫ్ కొట్టించే కొలుస్తాను. అయితే ఇంజను గదిలో టేపు చుట్టిన అతుకులను మాత్రం అలాగే వదిలేయవద్దు. ఒక్కొక్కటీ విప్పి, పెళుసెక్కినంత మేర వైరు మార్చి, ఫ్యూజు లేని ఫాగ్ ల్యాంపు వైరుకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి.