ఆలయ గోడ మీద దాతల పేర్లు ఉండవచ్చా? ఆరాధన మధ్యలో చదవవచ్చా?

బ్రాడీపేట విశ్వాసి, గుంటూరు (చర్చ ప్రారంభించినవారు)

అందరికీ ప్రభువు నామమున వందనములు. మా సంఘంలో ఆలయ మరమ్మతులు పూర్తికావచ్చాయి. 25,000 రూపాయలు, ఆపైన ఇచ్చినవారి పేర్లను నల్లరాతి మీద చెక్కించి బలిపీఠానికి కుడివైపు గోడకు అమర్చాలనీ, ఇకమీదట నెలకొకసారి కానుకల పాటకు ముందు ఆ నెల ఇచ్చినవారి పేర్లను మొత్తాలతో సహా చదవాలనీ కమిటీ తీర్మానించబోతున్నది. ఈ రెండింటికీ నేను వ్యతిరేకిని. ఇతర సంఘాలవారు ఏమంటారో తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాను.

నా అభ్యంతరానికి ఆధారం మొదటి సమూయేలు గ్రంథం 15వ అధ్యాయం. అమాలేకీయుల మీద గెలిచిన ఇశ్రాయేలు రాజు సౌలు కర్మెలుకు వెళ్లి తన పేరున జయసూచకంగా ఒక శిలను నిలబెట్టుకున్నాడు. అదే అధ్యాయం చివర, అతని అవిధేయత బయటపడిన తరువాత, ప్రవక్త సమూయేలును బతిమాలుకున్న తీరు చూడండి. నేను పాపం చేశాను, అయినా నా జనుల పెద్దల ఎదుట నన్ను ఘనపరచు, నేను యెహోవాకు మ్రొక్కేందుకు నాతోకూడ రా అంటాడు. పాపపు ఒప్పుకోలు, పరువు కోసం ప్రాధేయపడటం, ఆరాధన, ఈ మూడూ ఒక్క వాక్యంలోనే ఇమిడిపోయాయి. సౌలు ఆరాధన మానినవాడు కాడు. మ్రొక్కడానికి వెళుతూ కూడా పెద్దలు తనను ఎలా చూస్తున్నారో అని వెనుదిరిగి చూసుకున్నవాడు. అంతకుముందే సమూయేలు అతనికి, నీ దృష్టికి నీవు అల్పుడవై ఉన్న కాలంలోనే కదా దేవుడు నిన్ను రాజును చేశాడు అని గుర్తుచేశాడు.

గర్వం అంటే మనకు వెంటనే తోచేది దేవుణ్ణి లెక్కచేయని మనిషి. కానీ లూకా 18లో యేసు చెప్పిన ఉపమానంలోని పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్ర నిష్ఠాపరుడు, దేవాలయానికి వచ్చినవాడే, అతని ప్రార్థన కృతజ్ఞతాస్తుతితోనే మొదలవుతుంది. వారానికి రెండుసార్లు ఉపవాసం ఉన్నాననీ, సంపాదన అంతటిలో పదోవంతు ఇచ్చాననీ అతడు చెప్పినది అబద్ధమని యేసు ఎక్కడా అనలేదు. లెక్క సరిగానే ఉంది, నోటి మాట కూడా సరిగానే ఉంది, ఆ మాట వింటున్నవాడు మాత్రం తానే. మన సాక్ష్యాల సమయంలో ప్రభువు నాకు మూడంతస్తుల ఇల్లు ఇచ్చాడని మొదలుపెట్టి, మార్బుల్ ఎక్కడినుంచి తెప్పించామో కూడా చెప్పేవారిని విన్నప్పుడు నాకు ఈ ప్రార్థనే గుర్తుకు వస్తుంది. దాతల జాబితాను ఆరాధనలోకి తెస్తే ఆ ప్రార్థనకు మనం సంఘం తరఫున ఒక స్థలం కేటాయించినట్టే.

సంఘ కోశాధికారి, పటమట, విజయవాడ

వందనాలు. బ్రాడీపేట బ్రదర్ గారు సౌలు శిలను చూపించారు గాని, అదే గ్రంథం 7వ అధ్యాయంలో అదే సమూయేలు మిస్పాకు, షేనుకు మధ్య రాయి నిలబెట్టి, ఇంతవరకు యెహోవా మనకు సహాయం చేశాడని చెప్పి దానికి ఎబెనెజరు అని పేరు పెట్టిన సంగతి వదిలేశారు. రాయి నిలబెట్టడమే తప్పైతే యొర్దాను దాటాక యెహోషువ గిల్గాలులో నిలబెట్టిన పన్నెండు రాళ్లూ తప్పే కావాలి.

పేర్ల విషయానికి వస్తే, నెహెమ్యా 3వ అధ్యాయం మొత్తం యెరూషలేము ప్రాకారంలో ఎవరు ఏ గుమ్మం కట్టారో, ఎవరు ఎంత మేర బాగుచేశారో చెప్పే జాబితాయే. అందులో తెకోవీయుల ఘనులు పనికి మెడ వంచలేదని కూడా రాసి ఉంది, అంటే ఇవ్వనివారి సంగతి కూడా నమోదైంది. సంఖ్యాకాండము 7లో అమ్మీనాదాబు కుమారుడైన నయస్సోనుతో మొదలుపెట్టి పన్నెండుమంది ప్రధానుల పేర్లు, వారు తెచ్చిన వెండి గిన్నె 130 తులాలు, వెండి ప్రోక్షణపాత్ర 70 తులాలు అని తూకాలతో సహా ఉన్నాయి. మొత్తాలతో సహా చదవడం అంటే ఇదే కదా? అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయం చివర పొలం అమ్మి డబ్బు తెచ్చిన బర్నబా పేరు, ఊరు, గోత్రం అన్నీ ఉన్నాయి. పరిశుద్ధాత్మకు లేని అభ్యంతరం మనకెందుకు?

ఇక వ్యవహారం మాట. కోశాధికారిగా పనిచేసినవారికే తెలుస్తుంది, పేర్లు చదవని సంఘంలో పుట్టే గుసగుసలు ఎలాంటివో. ఫలానావారి లక్ష ఎటు పోయింది, పాస్టరుగారి అబ్బాయి ఫీజు ఎక్కడినుంచి కట్టారు అన్న మాటలు ఆరాధన ముగియకముందే గుమ్మం దగ్గర వినిపిస్తాయి. అందరి ఎదుట చదివిన లెక్కను ఎవరూ మింగలేరు. పేరు చెప్పవద్దని పట్టుబట్టేవారిని కూడా నేను చూశాను. వారిలో కొందరు ఆ సంగతిని, అంటే పేరు చెప్పవద్దన్నామన్న సంగతిని, సంఘంలో ఒక్కొక్కరికీ విడివిడిగా తెలియజేసుకుంటారు. పేరు రాసినంత మాత్రాన గర్వం రాదు, దాచినంత మాత్రాన పోదు.

గుణదల వాసి, విజయవాడ

నేను కతోలిక విశ్వాసిని, మీ కమిటీ వ్యవహారంలో తలదూర్చను. ఒక్క మాట మాత్రం చెబుతాను. మా దివ్యపూజ మొదట్లోనే పాపపు ఒప్పుకోలు ఉంటుంది, నా లోపము వలననే అంటూ అందరం రొమ్ము కొట్టుకుంటాం. లూకా 18లో ఆ పరిసయ్యునితోపాటు ప్రార్థించడానికి వచ్చిన సుంకరి, అంటే పన్ను వసూలుదారు, చేసింది అదే. విభూది బుధవారం నాడు నుదుట బూడిద పెట్టించుకునేటప్పుడు ఎవరు ఏ హోదాలో ఉన్నా వినేది నీవు మన్నువని చెప్పే మాటే. మనసు వంగలేని రోజున కూడా మోకాలు వంగుతుంది, కొన్నాళ్లకు మోకాలి వెనుక మనసు వస్తుంది. అలా వంగే చోట పేర్ల జాబితా చదివితే, అంతవరకు జరిగినదంతా ఒక్క నిమిషంలో తిరగబడుతుందని నా అభిప్రాయం. లెక్కలు చదవాలనుకుంటే ఆశీర్వాదం తరువాత చదువుకోవచ్చు.

కొత్తపేట టీచరు, గుంటూరు

చర్చ అంతా గర్వం గురించి నడుస్తున్నది గాని, ఎవరి గర్వం అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. మా తాతగారు గుంటూరు పక్క పల్లెలో ఒక మోతుబరి దగ్గర పాలేరు. ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఆయనను ఏరా, ఒరేయ్ అనే పిలిచేవారని మా నాన్నగారు చెప్పేవారు. మా పల్లె గుడి కట్టినప్పుడు రాళ్లు మోసినవారి పేర్లు ఒక పలకమీద చెక్కించారు, ఆ పలకమీద మా తాతగారి పేరు చివర గారు అని ఉంది. ఆయన బతికి ఉండగా ఆ గౌరవం రాతపూర్వకంగా దక్కిన చోటు అదొక్కటే. ఆయనకు చదవడం రాదు. అయినా ఆరాధనకు వెళ్లిన ప్రతిసారీ ఆ పలకను చేత్తో తడిమి లోపలికి వెళ్లేవారట. దాన్ని గర్వం అనడానికి నాకు నోరు రాదు.

తగ్గించుకో అని చెప్పడం ఇప్పటికే పైన ఉన్నవారికి సులువు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో తనను తాను రిక్తునిగా, అంటే ఖాళీగా, చేసుకున్నది దేవునితో సమానుడైనవాడు. పుట్టుకతోనే ఇతరులు రిక్తం చేసిపెట్టిన మనిషికి అదే వాక్యాన్ని అదే స్వరంతో చదివితే, అది క్రీస్తు మనసు నేర్పడం కాదు, ఊరి మోతుబరి మాటనే మళ్లీ చెప్పడం. మరియమ్మ కీర్తనలో దేవుడు బలవంతులను సింహాసనాల నుండి పడద్రోయడమే కాదు, దీనులను ఎక్కించాడు కూడా. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం దీనుడైన సహోదరుణ్ణి తన ఉన్నతదశయందు అతిశయించమన్నది, ధనవంతుణ్ణి తన దీనదశయందు. ఇద్దరికీ ఒకే మందు ఇవ్వలేదు.

కాబట్టి పలకలన్నీ వద్దు అనే మాటకు నేను ఒప్పుకోను. అయితే మీ కమిటీ పెట్టిన 25,000 రూపాయల గీతకు అంతకన్నా ఒప్పుకోను. ఆ గీత ఆ రోజుల్లో ఉండి ఉంటే మా తాతగారి పేరు ఆ రాతి మీద ఉండేదే కాదు.

కీబోర్డు తమ్ముడు, కృష్ణలంక, విజయవాడ

పెద్దలందరికీ వందనాలు. దాతల పలకను తప్పుపట్టేవారు కోత పండుగ వేలం పాటను ఎందుకు వదిలేస్తున్నారో నాకు అర్థం కాదు. ఎవరో ప్రేమతో తెచ్చిన గుమ్మడికాయను ఇద్దరు పెద్దమనుషులు పంతాలకు పోయి వేలల్లోకి పెంచుతుంటే మైకులో చప్పట్లు కొట్టించేది మనమే. ఆ గుమ్మడికాయ పండించి తెచ్చిన అవ్వ పేరు ఎవరూ చదవరు. మా పాటల బృందం సంగతీ అంతే. లైవ్ పెట్టిన దగ్గరనుంచి కెమెరా ఎటు ఉందో చూసుకుని కళ్లు మూసుకునే గాయకులున్నారు. సభల ఫ్లెక్సీల మీద ప్రసంగీకుల ముఖం ఎంత సైజు, సిలువ ఎంత సైజు అన్నది బెంజి సర్కిల్ దగ్గర నిలబడి ఎవరైనా కొలుచుకోవచ్చు. ఒక్క పలకను తీసేసి వినయం వచ్చిందనుకుంటే ఎలా?

బ్రాడీపేట విశ్వాసి

తమ్ముడూ, ఫ్లెక్సీల మాట నిజమే గాని వచ్చే ఆదివారం ఓటుకు వచ్చేది పలక, జాబితా మాత్రమే కనుక వాటికే పరిమితమవుతాను. వేలం మాత్రం ఈ ప్రశ్నలో భాగమే, దానిమీద చివర చెబుతాను.

పటమట కోశాధికారి గారు చూపించిన వాక్యాలను తోసివేయడం నా ఉద్దేశం కాదు, వాటిని పూర్తిగా చదవాలని మాత్రం అడుగుతాను. సంఖ్యాకాండము 7లో ఆ పన్నెండుమంది తెచ్చిన అర్పణలు సరిగ్గా ఒక్కటే. అదే 130 తులాల గిన్నె, అదే 70 తులాల పాత్ర, అదే 10 తులాల ధూపార్తి, పన్నెండుసార్లు మార్పు లేకుండా. ఆ అధ్యాయం 89 వచనాల పొడవు అయ్యిందంటే, పెద్ద గోత్రానిదీ చిన్న గోత్రానిదీ ఒకే మాటల్లో, ఒకే ఓపికతో రాయించాడు కనుకనే. మొత్తాలతో సహా చదవడానికి ఇది ఉదాహరణ అయితే, అందరూ ఒకే మొత్తం ఇచ్చిన సంఘంలో తప్పక చదవండి. నిర్గమకాండము 30లో ప్రతివాడూ తన ప్రాణానికి బదులుగా చెల్లించాల్సిన ప్రాణపరిక్రయధనం అర తులమే. ధనవంతుడు ఎక్కువ ఇవ్వకూడదు, బీదవాడు తక్కువ ఇవ్వకూడదు. 28వ అధ్యాయంలో ప్రధానయాజకుని భుజాల మీది లేత పచ్చలపై పేర్లు చెక్కినది నిజమే, అయితే ఆ పన్నెండు పేర్లు అక్కడికి చేరింది పుట్టుకను బట్టి, చెల్లించిన దాన్ని బట్టి కాదు. దేవుని సన్నిధిలో మన పేరు ఉండటం తప్పు కాదు, ఆ పేరుకు ధర కట్టడమే తప్పు.

బర్నబా విషయంలో కూడా, అపొస్తలుల కార్యములు రాసిన లూకా అతని పేరు రాసిన వెంటనే పేజీ తిప్పితే కనిపించేది, పొలం అమ్మిన సొమ్ములో కొంత దాచుకుని అంతా ఇచ్చినట్టు చూపించుకున్న అననీయ, సప్పీరా దంపతుల కథ. పొలం అమ్మాల్సిన అవసరం వారికి లేదు, అమ్మాక కూడా సొమ్ము నీ వశమే కదా అని పేతురు స్పష్టంగా అంటాడు. అంతా ఇచ్చినవారిగా కనిపించాలన్న కోరిక తప్ప వారిని ఎవరూ బలవంతం చేయలేదు. అందరి ఎదుట చదివిన లెక్కను ఎవరూ మింగలేరన్నారు కోశాధికారి గారు. మింగకపోవచ్చు గాని, అందరి ఎదుట చదవబోయే లెక్క కోసం అప్పు చేసి ఇచ్చేవారు మన సంఘాల్లో లేరని ఆయన అనగలరా?

మా సంఘం లూథరన్ సంఘం కనుక ఇంకొక మాట. తన అనుచరులు తన పేరు పెట్టుకోవద్దనీ, క్రైస్తవులమని మాత్రమే పిలుచుకోవాలనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ 1522లోనే రాశాడు. లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు 1842 జులై 31న గుంటూరు చేరిన తరువాత పుట్టిన సంఘాలు 1927లో ఒక్కటైనప్పుడు పెట్టుకున్న పేరు మాత్రం ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి. పెద్దాయన మాట మనం అప్పుడే వినలేదు, ఇప్పుడు రాతి పలక దగ్గర వింటామని ఆశపడటం అత్యాశేనేమో. అదే లూథర్ రోమా పత్రిక మీద ఉపన్యసిస్తూ, పాపి అంటే తనలోకి తాను వంగిపోయిన మనిషి అన్నాడు; దేవుడు ఇచ్చిన శ్రేష్ఠమైన వరాలను కూడా తనవైపే తిప్పుకుంటాడన్నాడు. ఆరాధన చేసే పని ఆ వంపును విప్పడం. 115వ కీర్తన, మాకు కాదు, యెహోవా, మాకు కాదు అని ఒకే మాటను రెండుసార్లు ఎందుకు అంటుందో ఆలోచించండి. మొదటిసారి అన్నది మనం మనస్ఫూర్తిగా అనమని కీర్తనకారునికి తెలుసు.

కొత్తపేట టీచరమ్మగారు చెప్పినది ఈ చర్చలో అన్నిటికన్నా బరువైన మాట. ఆ పలకకు, మా కమిటీ పలకకు తేడా ఆమె మాటల్లోనే ఉంది. రాళ్లు మోసిన ఎవరి పేరైనా మీ పలక మీదికి రాగలదు, 25,000 లేని ఎవరి పేరూ మా పలక మీదికి రాలేదు. అందువల్ల నా ప్రతిపాదనను ఇలా మార్చి కమిటీ ముందు పెడతాను. ఆలయం లోపల దాతల పలక ఉండకూడదు. బయటి వరండాలో ఒక పలక పెడితే అందులో మరమ్మతులకు డబ్బు ఇచ్చినవారు, శ్రమ ఇచ్చినవారు, తాపీమేస్త్రీలు, కూలీలు, గుప్పెడు బియ్యం పోగుచేసిన స్త్రీల సమాజం వారు, అందరి పేర్లూ మొత్తాలు లేకుండా అక్షరక్రమంలో ఉండాలి. నెలవారీ లెక్కను రసీదు నంబర్లతో నోటీసు బోర్డులో పెట్టాలి, ఆరాధనలో చదవకూడదు. కోత పండుగ వేలం ఆశీర్వాదం అయ్యాక ఆవరణలో జరగాలి, ప్రథమఫలాలు తెచ్చినవారి పేర్లు చదివితే చదవండి, పాట పాడుకున్నవారి పేర్లు వద్దు.

సంఘ కోశాధికారి, పటమట

రసీదు నంబర్ల పద్ధతి బాగుంది, మా సంఘంలో కూడా పెట్టిస్తాను. దానితో నా గుసగుసల భయం చాలావరకు తీరుతుంది. అయితే వేలం పాటలో పేర్లు తీసేస్తే వసూలు సగానికి పడిపోతుంది, ఆ సగంతోనే మేము వితంతువులకు బియ్యం ఇస్తున్నాం. పాడుకునేవాడి పంతం పాపమే అయినా బియ్యం మాత్రం నిజమైన బియ్యం. ఈ విషయంలో నేను మీతో ఏకీభవించలేను.

కొత్తపేట టీచరు

కోశాధికారి గారూ, ఆ బియ్యం తీసుకునేవారి పేర్లు కూడా మీ సంఘంలో మైకులో చదువుతారా? చదివితే ముందు అది ఆపండి, వేలం సంగతి తరువాత మాట్లాడుకుందాం. బ్రాడీపేట అన్నగారూ, పలక మీద కూలీల పేర్లు వేసేటప్పుడు ప్రతి పేరు చివరా గారు అని ఉండాలని తీర్మానంలోనే రాయించండి. చెక్కేవాడు అక్షరానికి ఇంత అని తీసుకుంటాడు, ఖర్చు తగ్గించాలంటే కమిటీ ముందు కొట్టేసేది ఆ రెండక్షరాలనే.