కోరంగిలో 20 వేల ఓడలు మునిగాయా? పాత ఓడ ఆచూకీ ఎలా తీయాలి?

తాళ్లరేవు మనవడు (అడిగినవారు)

అందరికీ నమస్కారం అండి. మాది గోదావరి మొగలో పాత ఓడరేవు కోరంగి దగ్గర, తాళ్లరేవు పక్క పల్లె. ఊరి చరిత్ర మీద చిన్న పుస్తకం వేద్దామని నలుగురం కూర్చున్నాం. నా వాటాకి ఓడలు, ఉప్పెనలు వచ్చాయి. నెట్‌లో ఎక్కడ చూసినా ఒకటే మాట: 1839 నవంబరు తుఫానులో కోరంగి మీదికి 40 అడుగుల కెరటం వచ్చింది, 20 వేల ఓడలు మునిగాయి, 3 లక్షల మంది పోయారు. అదే రాసేశాను. ప్రూఫు చూసిన మా బాబాయి "20 వేల ఓడలు నిలబడ్డానికి మన రేవులో చోటెక్కడిదిరా?" అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్.

రెండోది ఇంటి విషయం. మా నాయనమ్మ ముత్తాతకి తాత ఓడ మీద సరంగు, అంటే కలాసీల పెద్ద అట. పెద్ద ఉప్పెనలో ఓడతో సహా పోయాడట. ఓడ పేరు ఎవరికీ గుర్తు లేదు. మిగిలింది ఒక్క రేకు ముక్క. పెరటి తలుపు కింది మూలకి, ఎలకలు దూరకుండా కొట్టి ఉంది. అరచెయ్యంత ఉంటుంది, అంచు వెంబడి వరసగా బెజ్జాలు, మీద పచ్చటి చిలుం. అది ఆ ఓడదే అంటుంది నాయనమ్మ. ఫొటో పెట్టాను. ఓడ పేరు కనుక్కునే దారి ఏమన్నా ఉందా?

గట్టు మీద మాస్టారు

మీ బాబాయిగారికి నా నమస్కారం చెప్పు. 1840 ప్రాంతంలో బ్రిటన్ దేశం మొత్తం మీద నమోదైన తెరచాప ఓడలు దాదాపు 22 వేలు. ప్రపంచ సముద్రాలన్నీ ఏలిన దేశం లెక్క అది. దానికి దగ్గర దగ్గర అన్ని ఓడలు ఒక్క రాత్రి గోదావరి మొగలో ఉన్నాయంటే నమ్మేదెలా? చేపల నావలూ దోనెలూ అన్నీ కలిపి లెక్కేసినా కుదరదు.

ఆ అంకె ఎక్కడిదో నాకో అనుమానం ఉంది, అనుమానమే సుమా. కోరంగికి అంతకు ముందే, 1789 డిసెంబరులో ఒక ఉప్పెన వచ్చింది. హెన్రీ పిడింగ్టన్ అని కలకత్తాలో ఓడ ప్రమాదాల విచారణ కోర్టుకి అధ్యక్షుడిగా చేసిన ఆయన, పాత ఓడ మనిషి, తన పుస్తకంలో దాని వర్ణన చేర్చాడు. పోటు సమయం, భీకరమైన గాలి. ఒకదాని వెనక ఒకటి మూడు కెరటాలు. మొదటిది ఊళ్లోకి కొన్ని అడుగుల నీళ్లు తెచ్చింది, రెండోది పల్లపు భూములు ముంచింది, మూడోది అన్నిటినీ కప్పేసింది. లంగరు వేసి ఉన్న ఓడలు యానాం చుట్టుపక్కల పొలాల్లోకి కొట్టుకొచ్చాయి. నీరు తీశాక మేటలు వేసిన ఇసక, ఒండ్రు కింద శవాలు వెతకడానికి కూడా వీల్లేకపోయింది. పెద్ద ఓడలు రాకుండా నది మొగ పూడిపోయింది. పాత ఊరికి గుర్తుగా మిగిలింది రేవు అధికారి ఇల్లు, దాని చుట్టూ ఓడలు బాగుచేసే డాకులు, అంతే.

ఆ వర్ణనలో పోయిన మనుషుల లెక్క 20 వేలు. ఆ 20 వేల మందే తర్వాత ఎవరి చేతిలోనో 1839కి మారి 20 వేల ఓడలై ఉంటారని నా ఊహ. 1839 తుఫాను కల్పన కాదు. దాని మీద పిడింగ్టన్ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ జర్నల్లో పెద్ద వ్యాసమే రాశాడు, ఏ ఓడ ఎక్కడుంది, గాలి ఎటు తిరిగింది అని ఓడల్లో రోజూ రాసే లాగ్ బుక్కులు దగ్గర పెట్టుకుని. 1848లో 'సైక్లోన్' అన్న మాట పుట్టించింది కూడా ఆయనే. ఆ జర్నల్ స్కానులు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. నీ పుస్తకానికి మొదట అది చదువు. 40 అడుగులు, 3 లక్షలు కూడా అప్పటి కాగితం ఏదైనా కళ్లతో చూసేదాకా పక్కన పెట్టు.

నాయనమ్మ ఏ సంవత్సరం పుట్టారు?

తాళ్లరేవు మనవడు

1943 అని ఆధార్‌లో ఉంది మాస్టారూ. అది నమ్మొచ్చో లేదో మరి.

గట్టు మీద మాస్టారు

రెండు మూడేళ్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ముత్తాతకి తాత అంటే ఆవిడకి అయిదు తరాల పైన. తరానికి 25 ఏళ్లు వేస్తే ఆయన పుట్టుక 1818, 28 వేస్తే 1803. కాబట్టి 1789 కాదు. 1839లో ఆయన వయసు 21 నుంచి 36. 21కి సరంగు అవడం కష్టం, కలాసీ అయితే సరే. ఇంకొకటి, 1864 నవంబరు 1 బందరు ఉప్పెన. 30 వేల మంది పోయారది. కోస్తా ఇళ్లల్లో 'పెద్ద ఉప్పెన' అంటే ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. దాన్ని కూడా లెక్కలో ఉంచుకో.

పాత కాగితాలు

నేను ఈ పని పదేళ్లుగా చేస్తున్నాను, ఎక్కువగా మద్రాసు రికార్డులతో. కొన్ని చెబుతాను, టైము చాలా కలిసొస్తుంది.

ఊరి పేరుతో వెతికేటప్పుడు ఇవాళ్టి పేర్లు పనికిరావు. కాకినాడని కోకనాడ అనీ, ఇంజరాన్ని ఇంజెరం అనీ రాసేవారు. కోరంగికి చివర ఒక 'హెచ్' తగిలించినవి, తగిలించనివి రెండూ చూడాలి. జిల్లా పేరు గోదావరి అని కొడితే 1859కి ముందు ఏమీ రాదు, అప్పుడది రాజమండ్రి జిల్లా. మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి ఆ కాగితాలు ఎక్కువగా చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి. ఈస్టిండియా కంపెనీ వాళ్ల లండన్ కాగితాలు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఓడల నష్టాలకి మొదట చూసేది లాయిడ్స్ లిస్ట్ అనే లండన్ ఓడల వార్తల పత్రిక. 1837 దాకా వారానికి రెండుసార్లు, ఆ తర్వాత రోజూ. పాత సంచికలు స్కాన్ చేసి పెట్టారు. అందులో ఓడ పేరు పక్కన కెప్టెన్ ఇంటిపేరు ఉంటుంది. ఒకే పేరుతో పది ఓడలు ఉంటాయి కాబట్టి ఆ ఇంటిపేరే అసలు గుర్తు. భాష తంతి భాషలా పొట్టిగా ఉంటుంది. 'ఆన్ షోర్' అంటే ఒడ్డెక్కింది, అంతే, పోయినట్టు కాదు. తర్వాతి సంచికల్లో 'గాట్ ఆఫ్' అని ఉంటే బయటపడినట్టు. 'ఫౌండర్డ్' అంటే నడిసముద్రంలో నీళ్లు నిండి మునిగింది. 'నాట్ సిన్స్ హర్డ్ ఆఫ్' అంటే బయలుదేరిన సంగతి తప్ప కబురు లేదు. మొదటి వార్త చూసి ఆగిపోకండి, మూడు నెలల సంచికలు తిరగేయండి. నేనొకసారి 'ఒడ్డెక్కింది' చూసి ఓడ పోయిందని వ్యాసం రాసేశాను. అదే ఓడ రెండేళ్ల తర్వాత మద్రాసులో బియ్యం దించుతూ కనిపించింది.

తేదీ దగ్గర ఇంకో తిరకాసు. అచ్చయింది లండన్‌లో. మద్రాసు కబురు ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ చుట్టూ వెళ్లాలంటే నాలుగైదు నెలలు. 1830ల చివరికి సూయజ్ మీదుగా మెయిల్ మొదలయ్యాక రెండు నెలలకి తగ్గింది. అందుకని 1839 నవంబరు సంగతి 1840 మొదట్లో వెతకాలి. 1789 ఉప్పెన కోసం 1790 సంచికలు చూసేవాళ్లకి ఇంకో మాట: అప్పటి అచ్చులో 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగా ఉంటుంది. కంప్యూటరు 'లాస్ట్'ని 'లాఫ్ట్' అని చదువుతుంది. అలాగే కొట్టండి, దొరుకుతుంది.

ఇంతా చెప్పి ఒక నిరాశ మాట. కోరంగి వాళ్ల సొంత ఓడలు లండన్‌లో ఇన్సూరెన్స్ చేసినవి కావు. వాటిని 'కంట్రీ షిప్' అనేవారు. లాయిడ్స్‌లో అవి రావడం అదృష్టం. మద్రాసు, కలకత్తా పత్రికలు, 1816 నుంచి 1845 దాకా వచ్చిన ఏషియాటిక్ జర్నల్లోని ఓడల వార్తలు, ఇవి మేలు. ఏ కాగితంలోనైనా కెప్టెన్ పేరు, తెల్ల ప్రయాణికుల పేర్లు ఉంటాయి. మన సరంగులు, కలాసీలు అంకె మాత్రమే. మీ పెద్దాయన పేరు కోసం వెతక్కండి, ఓడ కోసం వెతకండి.

ఓడ కూడా దొరక్కపోతే బాధపడొద్దు. 1807 జనవరి 12న మద్రాసు నుంచి బ్లెన్‌హైమ్ అనే యుద్ధనౌక కేప్‌కి బయలుదేరింది. అందులో సర్ థామస్ ట్రూబ్రిడ్జ్ అనే అడ్మిరల్. అంతకు ముందే నేల తట్టి, కీళ్లు వదిలి, నీళ్లు కారుతున్న ఓడ. వద్దని దాని కెప్టెనే మొత్తుకున్నాడు. ఫిబ్రవరి మొదట్లో రోడ్రిగ్స్ ద్వీపం దగ్గర తుఫానులో కనపడ్డమే ఆఖరు, తోడుగా వెళ్లిన జావా అనే ఓడ కూడా మాయం. అడ్మిరల్ కొడుకు ఇంకో యుద్ధనౌక వేసుకుని వెతికినా పలక ముక్క దొరకలేదు. రాజుగారి ఓడకే దిక్కు లేదు.

బ్రిస్బేన్ కోడలు

మాది కాకినాడ, ఇప్పుడు బ్రిస్బేన్‌లో ఉంటున్నాం. ఇక్కడి మ్యాపులో ఒకరోజు 'కోరింగా ఐలెట్స్' అని చూసి ఉలిక్కిపడ్డాను. కెయిర్న్స్‌కి తూర్పున దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో, పగడపు దిబ్బల మధ్య చిన్న ఇసక లంకలు. 1845లో 'కోరింగా ప్యాకెట్' అనే ఓడ అక్కడ పగిలిపోయింది, ఆ పేరే లంకలకి మిగిలింది. ఒక లంకకి కెప్టెన్ పేరు, చిల్‌కాట్ అని. మనవడు గారూ, ఇది మీ ఓడ అనడం లేదు. కానీ పాత ఆస్ట్రేలియా పత్రికలన్నీ 'ట్రోవ్' అనే సైట్‌లో ఉచితంగా చదవొచ్చు. ఊరి పేరు కొట్టి చూడండి.

పాత కాగితాలు

మంచి మాట చెప్పారమ్మా. ఒక్క జాగ్రత్త. ఓడకి ఊరి పేరుంటే ఆ ఊళ్లో కట్టినట్టు కాదు. లాయిడ్స్ రిజిస్టర్ అని ఏటా వచ్చే ఇంకో పుస్తకం ఉంది, అందులో ఎక్కడ కట్టారో ఒక గడి ఉంటుంది. అది చూసి రాయాలి. అన్నట్టు 'ఏ వన్ సరుకు' అంటాం చూడండి, అది ఆ పుస్తకంలోంచి వచ్చిందే. 'ఏ' అంటే ఓడ చట్రం మేలురకం, '1' అంటే లంగర్లు, తాళ్లు, తెరచాపలు సరిగ్గా ఉన్నాయని.

రాగి ఇత్తడి

అందరూ కాగితాల మీద పడ్డారు, రేకు సంగతి ఎవరూ చూడలేదు. ఫొటోలో అంచు బెజ్జాలు చూస్తే అది ఓడ అడుగుకి కొట్టే రేకులాగే ఉంది. వెచ్చటి నీళ్లలో ఓడపురుగు కొయ్యని జల్లెడ చేసేస్తుంది, నత్తగుల్లలు పట్టి నడక మందగిస్తుంది. అందుకని నీటి గీత కింద రేకు తాపడం. ముందు అచ్చ రాగి వాడేవారు. 1832లో బర్మింగ్‌హామ్‌లో జార్జ్ మంట్జ్ అనే ఆయన 60 పాళ్లు రాగి, 40 పాళ్లు తుత్తునాగం కలిపి పేటెంట్ తీసుకున్నాడు. రాగికంటే చవక. అందుకని మెల్లగా అందరూ దానికే మారారు. ఒక మూల గోరంత మేర చింతపండుతో తోమి చూడు. ఎర్రగా వస్తే రాగి, కాలం చెప్పలేం. పసుపుపచ్చగా ఇత్తడి రంగు వస్తే 1832 తర్వాతదే. కొన్నిటి మీద మంట్జ్ పేరు ముద్ర కూడా ఉంటుంది, వెనక వైపు చూడు.

పాత కాగితాలు

తోమమని ఎవరికీ చెప్పకండి సార్! చిలుం పోతే ముద్ర కూడా పోతుంది.

రాగి ఇత్తడి

గోరంత అన్నాను కదండీ. ముద్ర ఉన్న వైపు అసలు ముట్టుకోవద్దు. రేకుని తలుపు నుంచి ఊడబీకొద్దు కూడా, విరుగుతుంది.

తాళ్లరేవు మనవడు

తోమాను. కొత్త ఇత్తడి చెంబు రంగు. నాయనమ్మ చూసి "మా తాత ఓడని చింతపండేసి తోముతావురా" అని నిన్నంతా మాట్లాడలేదు. ముద్ర ఏమీ కనపడలేదు, వెనక వైపు తలుపుకి అతుక్కుపోయి ఉంది.

అంటే ఆయన పోయింది 1832 తర్వాత, రేకు ఆ ఓడదే, అని రాయొచ్చా?

రాగి ఇత్తడి

రేకు 1832 తర్వాతది, అంతవరకే రాయి. తాపడం కొన్నేళ్లకోసారి మార్చేవారు, కాబట్టి ఓడ పాతదైనా రేకు కొత్తది కావచ్చు. పైగా తాళ్లరేవు డాకుల్లో ఊడదీసిన పాత రేకు ఊళ్లో అమ్ముడయ్యేది కాదంటావా? మునిగిన ఓడ రేకు ఇంటికెలా వచ్చిందో కూడా నాయనమ్మనే అడుగు, మాట్లాడ్డం మొదలెట్టాక.

తాళ్లరేవు మనవడు

సాయంత్రం అడిగాను. "ఓడ ఒడ్డున పడితే పలకలు ఊళ్లోవాళ్లు తెచ్చుకున్నారు" అంటుంది. నడిసముద్రంలో పోయిందని ఇన్నాళ్లూ నేనే అనుకున్నాను, ఆవిడ ఎప్పుడూ అనలేదట.

పాత కాగితాలు

అలాగైతే 'ఫౌండర్డ్' వదిలేసి 'ఆన్ షోర్', 'స్ట్రాండెడ్' (ఒడ్డున చిక్కుకుంది) చూడండి. ముందు పిడింగ్టన్ వ్యాసంలో కోరంగి దగ్గర ఒడ్డెక్కిన ఓడల పేర్లు రాసుకోండి, తర్వాత 1840 జనవరి నుంచి జూన్ దాకా లాయిడ్స్ లిస్ట్, ఏషియాటిక్ జర్నల్. అక్కడ లేకపోతే 1864కి వెళ్దాం. పేర్ల పట్టిక ఇక్కడ పెట్టండి, కెప్టెన్ల పేర్లతో సహా. నేను ఎగ్మూరు వెళ్లే పని వచ్చే నెల ఉంది.