సిరొంచలో 10,600 జీతానికి కూడా పీటీ (వృత్తి పన్ను) కోత: ఇది సరైనదేనా? లాడ్కీ బహీణ్ డబ్బులకు దీనికి సంబంధం ఉందా?

ప్రాణహిత_ఒడ్డు:
తమ్ముడిది సిరొంచ, తెలంగాణ సరిహద్దుల మహారాష్ట్ర ఊరు. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ కింద ఆఫీసు పని, గ్రాస్ (కోతలకు ముందు) 10,600. పీఎఫ్ పోను చేతికి పది వేలు కూడా రావు. అయినా నెలకు 200 పీటీ కోస్తున్నరు, ఫిబ్రవరిలో 300 కోసిన్రు. మరదలు బట్టల దుకాణంల చేస్తది, 8,600 ఇస్తరు. ఆమెకు 175 కోత. మంచిర్యాలలో బావకు 14,000 వస్తయి, రూపాయి కోత లేదు. ఇంతకీ ఎవరి లెక్క కరెక్టు? ఇంకో సంగతి, మరదలికి లాడ్కీ బహీణ్ (మహారాష్ట్ర సర్కారు ఆడవాళ్లకు నెలనెలా ఇచ్చే సాయం) 1,500 పడుతలేవు. ట్యాక్స్ కట్టే ఇల్లు కాబట్టి ఆపిన్రని ఊర్ల అంటున్నరు. నిజమేనా?

లెక్కల_పద్దు:
ముందు మీ మరదలి సంగతి. ఆమెకు కోసేది పూర్తిగా తప్పు. మహారాష్ట్రలో 2023 ఏప్రిల్ 1 నుంచి ఆడవాళ్లకు నెలకు 25,000 దాకా పీటీ లేదు. అంతకుముందు కూడా 10,000 దాకా లేదు. అంటే 8,600 మీద పాత లెక్కలో గానీ కొత్త లెక్కలో గానీ పైసా పడకూడదు. జీతాల సాఫ్ట్‌వేర్‌లో స్త్రీ అని ఎక్కించకపోతే మగవాళ్ల స్లాబు దానంతటదే పడిపోతుంది, అది చూడమనండి.

తమ్ముడి కోత మాత్రం చట్టప్రకారమే. మగవాళ్లకు 7,500 దాకా లేదు, 7,501 నుంచి 10,000 దాకా 175, ఆపైన 200, ఫిబ్రవరిలో 300. ఏడాదికి 2,500. చేతికొచ్చేది కాదు, గ్రాస్ చూస్తారు. తెలంగాణలో 15,000 దాకా ఏమీ లేదు, 20,000 దాకా 150, ఆపైన 200. మీ బావకు కోత లేనిది అందుకే. ఏ రాష్ట్రంలో పని చేస్తే ఆ రాష్ట్రం లెక్కే వర్తిస్తుంది, ఇల్లు ఎక్కడున్నా సరే. సిరొంచలో ఉండి వంతెన దాటి తెలంగాణలోని మహదేవ్‌పూర్‌లో ఉద్యోగం చేసేవాళ్లకు మహారాష్ట్ర స్లాబు వేయకూడదు.

బోనస్ కూడా గమనించండి. 9,800 జీతగాడికి దీపావళి బోనస్ కలిపి ఆ నెల 200 కోస్తుంటారు. ఈ చట్టంలో జీతం అంటే బోనస్, గ్రాట్యుటీ కలవవు. ఆ నెల కూడా 175 మాత్రమే.

డబ్బు వెనక్కి రావాలంటే పే స్లిప్పులన్నీ జత చేసి యజమానికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి, ఒక కాపీ మీద ముట్టినట్టు సంతకం తీసుకోవాలి. అందులోనే వాళ్ల పీటీఆర్‌సీ (యజమాని పీటీ రిజిస్ట్రేషన్) నంబరు అడగండి. అది 27తో మొదలై ఇంగ్లీషు పీ అక్షరంతో ముగుస్తుంది. మహాజీఎస్టీ వెబ్‌సైటులో వెతికితే నిజమైనదో కాదో తేలిపోతుంది. నంబరే లేదంటే కోసిన సొమ్ము సర్కారుకు చేరలేదన్నట్టే. అప్పుడు రాష్ట్ర జీఎస్టీ శాఖలోని ప్రొఫెషన్ ట్యాక్స్ అధికారికి ఫిర్యాదు చేయాలి.

తలాఠీ_గల్లి:
లాడ్కీ బహీణ్‌కు పీటీ అడ్డు కాదు. ఇంట్లో ఎవరూ ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదని షరతు. పీటీ ఆదాయపు పన్ను కాదు. తమ్ముడిది ఔట్‌సోర్సింగ్ అంటున్నారు కదా, ఇంటి ఆదాయం 2.5 లక్షల లోపుంటే ఆ ఉద్యోగం కూడా అడ్డు రాదు. ఇద్దరి జీతాలు కలిపితే ఏడాదికి 2,30,400. ఇంకో 19,600 పెరిగితే హద్దు ముట్టినట్టే, జాగ్రత్త.

ఆగిన డబ్బులకు సరిహద్దులో నేను మొదట అనుమానించేది బ్యాంకు ఖాతానే. ఫారంలో ఏ ఖాతా రాసినా డబ్బు ఆధార్‌కు చివరగా సీడింగ్ అయిన (సర్కారు డబ్బు పడేందుకు ముడిపెట్టిన) ఖాతాలోనే పడుతుంది. పెళ్లికి ముందు తెలంగాణలో తీసిన ఖాతాకు సీడింగ్ ఉంటే అక్కడ పడుతుంటాయి, ఇక్కడి పాస్‌బుక్ ఎన్నిసార్లు కొట్టించినా కనబడవు. మై ఆధార్‌లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. మార్చాలంటే బ్యాంకుకు పోయి డీబీటీ (ఖాతాలో నేరుగా పడే సర్కారు డబ్బు) కోసం ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఈ సీడింగే, చేయమని ఫారం ఇవ్వాలి. ఖాతాకు ఆధార్ కేవైసీ అయిందంటే సీడింగ్ అయినట్టు కాదు. బ్యాంకువాళ్లు కూడా ఒక్కోసారి ఇక్కడే తికమక పెడతారు.

సీడింగ్ బాగుంటే ఈ-కేవైసీ చూడండి. ఆమె ఆధార్‌కే కాదు, భర్త ఆధార్‌కు కూడా ఓటీపీ వస్తుంది. రెండు ఫోన్ నంబర్లూ ఆధార్‌లో సరిగ్గా ఉండాలి. తెలంగాణ నుంచి వచ్చిన కోడలైతే నివాస రుజువుగా భర్త బడి టీసీ, జనన దాఖలా, డొమిసైల్ (స్థానికత సర్టిఫికెట్)లో ఏదో ఒకటి చెల్లుతుంది. తల్లిగారింటి రేషన్ కార్డులో ఆమె పేరు ఇంకా ఉంటే తీయించండి.

ప్రాణహిత_ఒడ్డు:
సీడింగ్ మహదేవ్‌పూర్ ఖాతాకే చూపిస్తున్నది! మార్పించుతం. తమ్ముడి 2,500 మాత్రం మనసుకు పడుతలేదు.

లెక్కల_పద్దు:
పడకపోవడం న్యాయమే. 1,27,200 వార్షిక జీతం మీద 2,500 అంటే దాదాపు 2 శాతం. నెలకు లక్ష తీసుకునేవాడికీ అదే 2,500, అంటే 0.2 శాతం. రాజ్యాంగం 276వ అధికరణం ఏడాదికి 2,500 మించనివ్వదు. 1988లో సవరించకముందు అది 250. పైవాళ్ల నుంచి ఎక్కువ తీసుకునే దారి లేదు కాబట్టి కింద ఎవరిని వదలాలన్నదే రాష్ట్రం చేతిలో ఉన్నది. 2023 బడ్జెట్‌లో మహారాష్ట్ర ఆడవాళ్లను 25,000 దాకా వదిలింది, మగవాళ్లను 7,500 దగ్గరే ఉంచింది. ఆ ఏడాదే కర్ణాటక అందరికీ 25,000 చేసింది. మీ ఇంటి నుంచి ఏడాదికి పోయింది 2,500, 2,100 కలిపి 4,600. లాడ్కీ బహీణ్ మూడు కిస్తీలకంటే ఎక్కువే. ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో లాక్కోవడమే ఇది. అందుకే మరదలి 2,100 మాత్రం వదలకండి.

తలాఠీ_గల్లి:
ఒకటి మరిచిపోయాం. 40 శాతం, ఆపైన శాశ్వత వైకల్యం ఉన్నవాళ్లకు, వైకల్యం ఉన్న బిడ్డ తల్లిదండ్రులకు, 65 దాటినవాళ్లకు పీటీ మొత్తానికే లేదు. తమ్ముడి ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే సర్టిఫికెట్ కాపీ యజమానికి ఇస్తే ఆయన 200 కూడా ఆగిపోతుంది.