మ్యాక్స్ గీత దాటిన ఆయిల్: తీయాలా, అలాగే నడపాలా? (ఎంజీబీ, చెన్నై)

తిరువాన్మియూర్_ఎంజీబీ:
1967 మోడల్ ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు), 1798 సీసీ, ఆయిల్ కూలర్ ఉంది. సర్వీసులో 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ ఐదు లీటర్ల డబ్బా మొత్తం పోసేశారు. ఆయిల్ మట్టం చూసే స్టిక్ మీద మ్యాక్స్ గీతకి 12 మి.మీ. పైదాకా తడి ఉంది. ఆదివారం తెల్లారకముందే ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదుగా పుదుచ్చేరి బయల్దేరాలి, వెళ్లడానికే 150 కి.మీ. ఒక మెకానిక్ "నడుపుతూ ఉంటే అదే తగ్గుతుంది" అంటున్నాడు, ఇంకొకరు "తీసేదాకా సెల్ఫ్ కొట్టొద్దు" అంటున్నారు. ఎవరి మాట వినాలి?

చాంబర్_బాబాయ్:
రెండో ఆయన మాట వినండి. చాంబర్‌కి (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) ఆయిల్ కూలర్ కలిపితే పట్టేది 4.68 లీటర్లు. కానీ అది ఎండిపోయిన ఇంజిన్ లెక్క. డ్రెయిన్ బోల్ట్ విప్పితే కూలర్‌లో ఉన్న 0.42 లీటరు కిందికి రాదు, పాత ఆయిల్ అక్కడే ఉండిపోతుంది. ఫిల్టర్ మార్చినా కొత్తగా పోయాల్సింది 4.26 లీటర్లే. ఐదు పోశారంటే ముప్పావు లీటరు ఎక్కువ. తిరిగే క్రాంక్ (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) బరువులు ఆ ఆయిల్‌ని తాకితే కవ్వంతో చిలికినట్టే, నురగ కడుతుంది. పంపు నురగని లాగితే బేరింగుకి వెళ్లేది సగం గాలి. గాలి మీద షాఫ్ట్ నిలబడదు.

ఈసీఆర్_ఉదయం:
బాబాయ్, లెక్క సరే, భయం ఎక్కువైంది. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు హెడ్‌లో, గాలరీల్లో (ఆయిల్ పారే దారులు), టాపెట్ల దగ్గర కొంత ఆయిల్ పైనే ఉండిపోతుంది, కాబట్టి చాంబర్‌లో మట్టం ఆగి ఉన్నప్పటికంటే కిందికే ఉంటుంది. గీతకి నాలుగైదు మి.మీ. పైన ఉన్నంత మాత్రాన కొంప మునగదు. 12 అంటే ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ముందు ఆ 12 నిజమో కాదో తేల్చండి. అపార్ట్‌మెంట్ల కింద స్టిల్ట్ పార్కింగ్ నేలని నీళ్లు పోవడానికి వాలుగా వేస్తారు. అక్కడ చూసిన రీడింగ్‌ని నమ్మలేం. చదునైన చోట ఆపి, ఇంజిన్ కట్టేశాక పావుగంట ఆగి, స్టిక్ తుడిచి, పూర్తిగా దింపి చూడండి. రెండు వైపులా తడి తేడాగా ఉంటే తక్కువ చూపిన వైపే లెక్క, రెండోది గొట్టం గోడకి అంటుకున్నది.

పుదుపేట_పార్ట్స్:
అసలు ఆ స్టిక్ ఎంజీబీదేనా? మన దగ్గర అంబాసిడర్‌లో వచ్చిన 1489 సీసీ ఇంజిన్ కూడా ఎంజీబీ ఇంజిన్ కుటుంబమే, బీఎంసీ బీ-సిరీసే. పుదుపేటలో (చెన్నైలో పాత విడిభాగాల బజారు) దొరికిందని అంబాసిడర్ స్టిక్ పెట్టేస్తే గీతలకి అర్థం ఉండదు. అనుమానముంటే వచ్చే ఆయిల్ మార్పులో పూర్తిగా దించి, ఫిల్టర్ కూడా మార్చి, కొలిచి 4.26 లీటర్లు పోసి, రెండు నిమిషాలు ఐడిల్‌లో తిప్పి, పావుగంట ఆగి స్టిక్ మీద తడి ఎక్కడుందో అక్కడ ఆకురాయితో చిన్న గాటు పెట్టుకోండి. ఆ గాటే మీ మ్యాక్స్.

చాంబర్_బాబాయ్:
మంచి మాట. కానీ ఇక్కడ డబ్బా ఖాళీ అయిందని ఆయనే చెబుతున్నారు కదా, స్టిక్ ఎవరిదైనా ముప్పావు లీటరు ఎక్కువే. ఈసీఆర్ అన్నా, మట్టం తగ్గుతుందన్నారు, నిజమే. బ్రేక్ కొట్టినప్పుడు ఆయిల్ అంతా ముందుకి ఎగదన్నుతుంది, మలుపులో ఒక పక్కకి పోగవుతుంది. అప్పుడు ఆ పక్క బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ క్రాంక్‌ని పట్టుకునే చివర) మునగదా? ఇంకొకటి, చిలికిన ఆయిల్ ఆవిరితో కలిసి బ్రీదర్ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరి పోయే దారి) నుంచి ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి, అక్కడ్నించి సిలిండర్లలోకి వెళ్తుంది. ప్లగ్గులు నల్లగా తడుస్తాయి, సైలెన్సర్ నీలం పొగ కక్కుతుంది. రింగులు పోయాయనుకుని ఇంజిన్ విప్పించే పరిస్థితి వస్తుంది, అసలు తప్పు డబ్బాది.

గేర్‌బాక్స్_మేడమ్:
అందరూ మర్చిపోతున్న సంగతి వెనకాల ఉంది. 1962-64 మూడు బేరింగుల ఇంజిన్లలో క్రాంక్ వెనక రబ్బర్ సీల్ ఉండదు, ఆయిల్‌ని తిరిగి లోపలికి తోసే, స్క్రూ మర లాంటి గాడి మాత్రమే ఉంటుంది. ఎక్కువైన ఆయిల్ ఆ గాడిని దాటి బెల్ హౌసింగ్‌లోకి (క్లచ్ ఉండే డొప్ప), అక్కడ్నించి క్లచ్ ప్లేటు మీదికి పోతుంది. ఎంజీబీలో క్లచ్ మార్చాలంటే ఇంజిన్ బయటికి తీయాల్సిందే. ఈయనది 1967, ఐదు బేరింగులు, సీల్ ఉంటుంది కాబట్టి కొంత నయం. పాత బండి వాళ్లు మాత్రం ఒక్క మి.మీ. దగ్గర కూడా వాదన పెట్టుకోవద్దు.

ఈసీఆర్_ఉదయం:
మూడు బేరింగుల విషయంలో మేడమ్ గారి మాటే నా మాట. మిగతావాళ్లకి ఒక హెచ్చరిక: తీయాలని బోల్ట్ విప్పి, కాస్త కారనిచ్చి, వేలితో మూసి మళ్లీ బిగించడం పెద్ద గోల. చెయ్యి కాలుతుంది, ఎంత పోయిందో తెలీదు, రాగి వాషర్ పాతదే వేస్తే రోజూ చుక్క కారుతుంది. దానికంటే ఎక్కువ ఉన్నా పర్లేదనిపిస్తుంది.

పుదుపేట_పార్ట్స్:
అందుకే పైనుంచి లాగాలి. మెడికల్ షాపులో 60 మి.లీ. పెద్ద సిరంజీ (మూతి పొడుగ్గా ఉండేది), 16 నంబర్ రైల్స్ ట్యూబ్ (రోగికి ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టం) తీసుకోండి. ముందు స్టిక్ రంధ్రంలో పడుతుందో చూడండి, పట్టకపోతే 14. రైల్స్ ట్యూబ్ కొస మూసి ఉంటుంది, లోపల బరువుకోసం చిన్న స్టీలు గుళ్లు ఉంటాయి. ఆ గుళ్లూ, పక్కనున్న రంధ్రాలూ పోయేలా కత్తెరతో కొస కత్తిరించాకే లోపలికి దింపాలి. గుండు చాంబర్‌లో పడిందంటే కథ వేరు. స్టిక్ పక్కన పెట్టి కొలిచి, గొట్టానికి అంత పొడవు దగ్గర టేపు చుట్టండి, టేపు దాటి దింపకండి. గొట్టం లోపల ఉండగా సెల్ఫ్ ముట్టకూడదు. సిరంజీ పిస్టన్ నెమ్మదిగా లాగాలి, గబుక్కున లాగితే బుడగలే వస్తాయి. ఐదు సిరంజీలు అంటే 300 మి.లీ., తీసి పావుగంట ఆగి స్టిక్ చూడండి. 300కి ఎన్ని మి.మీ. దిగిందో తెలిస్తే మిగతాది లెక్క కట్టవచ్చు. మ్యాక్స్ గీతకి రెండు, మూడు మి.మీ. కిందికి వస్తే ఆపేయండి. కొత్త ఆయిలే కాబట్టి శుభ్రమైన సీసాలో పోసుకుంటే టాప్-అప్‌కి పనికొస్తుంది.

గేర్‌బాక్స్_మేడమ్:
ఒక్క సందర్భంలో మాత్రం బోల్టే విప్పాలి: ఎవరూ పోయకుండా మట్టం పెరిగితే. నీరు చేరితే అది అడుగున ఉంటుంది, పైనుంచి లాగితే కనపడదు, బోల్ట్ విప్పగానే ముందు పడేది అదే. టీ రంగు మీగడలా ఉంటే హెడ్ గ్యాస్కెట్ చూడాలి. స్టిక్ పెట్రోల్ వాసన కొడితే వేరే లెక్క. ఎంజీబీది వెనకాల ఉండే ఎస్‌యూ కంపెనీ ఎలక్ట్రిక్ పెట్రోల్ పంపు, కాబట్టి పాత ట్రయంఫ్‌లలో లాగా మెకానికల్ పంపు డయాఫ్రమ్ చిరిగి కారడం ఉండదు. కీ తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా వినండి. టిక్ టిక్ మంటూ కొన్ని క్షణాల్లో ఆగిపోవాలి. ఆగకుండా కొడుతూ ఉంటే కార్బురేటర్ ఫ్లోట్ నీడిల్ (పెట్రోల్ నిండగానే ఆపే సూది) మూసుకోవడం లేదేమో చూడాలి. ఓవర్‌ఫ్లో గొట్టం కూడా మూసుకుపోతే పెట్రోల్ జెట్ దాటి సిలిండర్లలోకి, అక్కడ్నించి చాంబర్‌లోకి. అప్పుడు కొంచెం తీసి నడపడం కాదు, నీడిల్ బాగుచేసి మొత్తం ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. ఆయిల్‌లో పెట్రోల్ ఉందేమోనని అగ్గిపుల్లతో పరీక్షించే అలవాటు దయచేసి మానండి.

తిరువాన్మియూర్_ఎంజీబీ:
వాసన లేదు, రంగు బాగుంది, పంపు ఆగుతోంది. సిరంజీ పద్ధతే చేస్తాను. ఆయిల్ పల్చబడాలంటే ముందు స్టార్ట్ చేసి వేడి చేయాలా?

చాంబర్_బాబాయ్:
వద్దు. మన ఎండకి మధ్యాహ్నం ఆ ఆయిల్ లాగడానికి సరిపోతుంది.

ఈసీఆర్_ఉదయం:
రెండు నిమిషాలు ఐడిల్‌లో తిరిగితే ఏమీ కాదని నేను ఇప్పటికీ అంటాను, ఐడిల్‌లో చిలికేంత వేగం ఉండదు. అయినా ఓపిక ఉంటే చల్లగానే లాగండి. ఆదివారం మాత్రం ఆయిల్ ప్రెషర్ సూది మీద కన్నుంచండి: వేడెక్కాక నడుస్తుంటే 50 నుంచి 80, ఐడిల్‌లో 10 నుంచి 25 పీఎస్‌ఐ ఉండాలి. ఒకే వేగంలో పోతుండగా సూది వణికితే నురగ ఉందనుకోండి, పక్కకి ఆపేయండి. మామల్లపురంలో టీకి ఆగినప్పుడు చదునైన చోట పెట్టి, పావుగంట తర్వాత స్టిక్ చూడండి. సిరంజీ, గొట్టం డిక్కీలోనే ఉంచుకోండి.