కందిందా, కమిలిందా?

పోయిన నెల మా అక్క కూతురి కాళ్ల మీద ఎర్రటి చుక్కలు లేచాయి. ఒక్కోటి ఆవగింజంత కూడా లేదు. మోచేతి దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత మచ్చ. "దోమలు కుట్టి కందింది" అంది అక్క. అమ్మ వేలితో నొక్కి చూసి, "కందితే నొక్కగానే ఎరుపు పోతుంది. ఇది పోవట్లేదు, కమిలింది" అంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు, అంటే రక్తం కారకుండా గడ్డకట్టించే కణాలు, 18 వేలు. ఉండాల్సింది లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలు.

డాక్టర్ చూసేది కూడా ఆ తేడానే. కందినప్పుడు రక్తం నాళాల్లోనే ఉంటుంది, నొక్కితే పక్కకు జరుగుతుంది. కమిలితే నాళం దాటి చర్మం కిందికి వచ్చేసినట్టే, నొక్కినా కదలదు. ఈ మచ్చలకు వైద్యులు వాడే 'పర్పురా' లాటిన్‌లో ఊదా రంగు పేరు. ఆ మాట రంగు చెబుతుంది. మన 'కమలడం' జరిగింది చెబుతుంది. అందుకే నాకీ మాట మీద ఇంత ప్రేమ.

పాప జబ్బు పేరు ఐటీపీ. పాత పూర్తి పేరు 'ఇడియోపతిక్ థ్రాంబోసైటోపెనిక్ పర్పురా', అంటే ప్లేట్‌లెట్లు తగ్గి మచ్చలు రావడం. ఇందులో 'ఐ' కథ వేరే ఉంది. మొదట అది ఇడియోపతిక్, అంటే కారణం తెలియనిది. 1950లో అమెరికాలో విలియం హారింగ్టన్ అనే డాక్టర్ ఈ జబ్బున్న మనిషి రక్తాన్ని తన ఒంట్లోకి ఎక్కించుకున్నారు. కొన్ని గంటల్లోనే ఆయన ప్లేట్‌లెట్లు దారుణంగా పడిపోయాయి. వాటిని చంపేది రక్తంలోనే ఉందని అలా తెలిసింది. ఒంటిని కాపాడాల్సిన యాంటీబాడీలే వాటి మీద పడుతున్నాయని తర్వాత తేలింది. 2009లో అంతర్జాతీయ నిపుణులు 'ఐ' అంటే ఇమ్యూన్ (ఒంటి రక్షణ వ్యవస్థ వల్ల వచ్చేది) అని ఖాయం చేశారు, ప్లేట్‌లెట్లు లక్ష లోపు ఉంటేనే లెక్కలోకి తీసుకోవాలన్నారు. చాలామందికి మచ్చలే ఉండవు కాబట్టి 'పర్పురా'నీ పేరులోంచి తీసేశారు.

మన గ్రూపులో ఒక సభ్యురాలి ప్రశ్న: మరి ఐటీపీ అని ఎలా తేలుస్తారు? అలా తేల్చే పద్ధతికి తెలుగు మాట ఉందా?

నా జవాబు: ఇదే అని చెప్పే ఒక్క పరీక్ష లేదండీ. ముందు రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి మైక్రోస్కోప్‌లో చూస్తారు. ఒక్కోసారి ట్యూబులోని మందు వల్ల ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, మిషన్ తక్కువ లెక్క చూపిస్తుంది. అప్పుడు అసలు జబ్బే లేనట్టు! తర్వాత డెంగీ, వాడుతున్న మందులు, కాలేయం, హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి, రక్త క్యాన్సర్... ఒక్కొక్కటీ కాదనుకుంటూ వస్తారు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లూ మట్టిగడ్డలూ ఏరినట్టే. ఇంగ్లిష్‌లో దీన్ని 'డయాగ్నసిస్ ఆఫ్ ఎక్స్‌క్లూజన్' అంటారు. అందుకే మనం 'ఏరివేత నిర్ధారణ' అందామంటాను. 'మినహాయింపు' అంటే టాక్సు గుర్తొస్తుంది.

ఇంకొకరు: మా ఇంట్లో రెండిటికీ కందిందనే అంటామే?

నా జవాబు: అయితే డాక్టర్‌తో "కందింది, నొక్కినా పోవట్లేదు" అని చెప్పండి. ఆ రెండో ముక్క మాత్రం మర్చిపోకండి.